మాదిరిని మార్చవచ్చునా?

చదువుకొనవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 9:6–13, 1 రాజులు 12:26–33



పొందిక లేని పనిని చూచినప్పుడు మనవారు “అతుకుల బొంత” అని తీసివేయుదురు. అయితే ఆ మాట అనువారిలో బొంతమీద పండుకొని పెరుగనివారు ఎందరు? మన ఊళ్లలో పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టినది పాతచీరల బొంతమీదనే. చలికాలమున మనలను కాచినది అదియే. ఇప్పుడు దుకాణపు రగ్గులు వచ్చినవి గనుక బొంత అటుకెక్కినది. ఈ నెల మేము వ్రాయబూనినది ఒక బొంతను గూర్చియే. దానినిబట్టి మా సంఘములో ఒక ప్రశ్న పుట్టినది. పెద్దలు మనకిచ్చిన మాదిరిని మనము మార్చవచ్చునా? మార్చినచో, ఎంతవరకు అది న్యాయమైన మార్పు, ఎక్కడ అది ద్రోహమగును?

మా సంఘము శంషాబాదు దాపున ఉన్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమున ద్రాక్షతోటలును జొన్నచేలును ఉండెడివి. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయము తెరవబడెను. దానికొరకు సుమారు 5,500 ఎకరముల భూమి తీసికొనబడినది. ఇప్పుడు ప్రార్థన నడుమ విమానము మీదుగా పోయినప్పుడు మేము ఒక్క క్షణము ఆగి, ఆ శబ్దము తగ్గిన తరువాత ఆమేన్ చెప్పుచున్నాము. అట్టి విమానములో ఒకనాడు మా సంఘపు ఆడబిడ్డ ఒకతె సెలవుమీద ఇంటికి వచ్చినది. ఆమె అమెరికా దేశమున ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. ఆమె పెట్టెలో చుట్టములకు తెచ్చిన వస్తువులతోకూడ నలువది చిన్న చదరపు గుడ్డలుండెను. ఒక్కొక్కటి కుట్టుకు పోగా నాలుగున్నర అంగుళములు. ప్రతిదియు అనేకమైన చిన్నముక్కలు చేర్చి కుట్టినదే.

వాటి కథ ఆమె మాకు చెప్పెను. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రములో జేన్ స్టికిల్ అను స్త్రీ యుండెను. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము జరిగెను. ఆ యుద్ధము జరుగుచుండగానే 1863లో ఆమె ఒక బొంతను ముగించెను. అట్టి బొంతను అక్కడివారు క్విల్ట్ అందురు. వరుసకు 13 చొప్పున 13 వరుసలలో 169 చదరములు, చుట్టును అంచుగా 52 త్రికోణములు, నాలుగు మూలలకు నాలుగు, వెరసి 225. ఆ 169 చదరములలో దేని తీరు దానిదే. మొత్తము బొంతలో 5,602 గుడ్డముక్కలున్నవి. ఈ లెక్క తరువాతివారు వేసినది కాదు. అది యుద్ధకాలమనియు, సంవత్సరమిదియనియు, ముక్కలిన్నియనియు, తన పేరిదియనియు ఆమెయే ఒక మూల గుర్తుగా పెట్టినది.

ఆ బొంత ఇప్పుడు బెన్నింగ్టన్ మ్యూజియములో ఉన్నది. వెలుతురు ఎక్కువగా తగిలిన పాతగుడ్డ చెడిపోవును గనుక ఏడాదిలో కొద్ది వారములు మాత్రమే దానిని జనులకు చూపుదురు. 1996లో బ్రెండా పాపడాకిస్ అనునామె ఆ చదరముల నమూనాలను గీసి పుస్తకముగా ప్రచురించెను. అప్పటినుండి అనేక దేశముల స్త్రీలు ఆ మాదిరిని ఎదుట పెట్టుకొని తమ తమ బొంతలు కుట్టుకొనుచున్నారు. మా ఆడబిడ్డయు అట్లే మొదలుపెట్టినది.

అది సులభమైన పని కాదు. వారమునకు ఒకటి చొప్పున కుట్టినను 225 వారములు, అనగా నాలుగేండ్లకు మించును. ఒక్కొక్కదానిలో సగటున 25 ముక్కలు. ప్రతి ముక్క అంచున పావు అంగుళము గుడ్డ కుట్టులోనికి పోవలెను. ఒక్కొక్క చదరము అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రమే పెరిగినదనుకొనుడి. 13 చదరములు చేర్చునప్పటికి వరుస అంగుళమున్నరకు పైగా పెరిగిపోవును, మూలలు కలియవు. చిన్న తప్పు చిన్నదిగానే నిలిచియుండదని ఆ పని చేయువారికి బాగుగా తెలియును.

ఆమె దుకాణములో కొన్న గుడ్డతో కుట్టలేదు. తల్లి చీరలు, మేనత్తల చీరలు, అవ్వ కట్టి విడిచిన నారాయణపేట నూలుచీర, వీటి ముక్కలను వచ్చినప్పుడెల్ల తీసికొనిపోయి కుట్టుచుండెను. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె అవ్వ ఇంట స్త్రీలందరు గుమికూడి ఆ చదరములను చూచిరి. మేమును అక్కడనే ఉంటిమి. అప్పుడామె కొంచెము సంకోచముతో మమ్మును ఇట్లడిగెను:

“అయ్యగారూ, ఈ నలువదింటిలో తొమ్మిదింటిని పుస్తకములో ఉన్నట్లు కుట్టలేదు. నాకు తోచినట్లు మార్చినాను. ఇక దీనిని ఆమె బొంతను చూచి కుట్టినదని చెప్పితే అబద్ధమగునా?”

ఒక యువకుడు నవ్వి, “ఎవరు లెక్కపెట్టి చూస్తారక్కా?” అనెను. సంఘపెద్ద ఒకాయన, “మాదిరి అన్న తరువాత పొల్లుపోకుండ కుట్టవలెను, లేనియెడల మొదలుపెట్టకూడదు” అనెను. మేము మాత్రము బోధకునికి తగిన మాట చెప్పితిమనుకొని, “దేవుడు హృదయమును చూచును గాని గుడ్డముక్కలను చూడడమ్మా. నీకు తోచినట్లు కుట్టుకొనుము” అంటిమి. ఆ మాట వినుటకు తియ్యగానే ఉండెను. అందరును తలలూపిరి.

ఆమె అవ్వ మాత్రము తల ఊపలేదు. ఎనుబది ఏండ్లు దాటిన మనిషి. కోతలైన తరువాత ఇంటింటికి పోయి బొంతలు కుట్టి కూలి తెచ్చుకొని బిడ్డలను పెంచినది. చీరలు పరచి, మూలలకు రాళ్లు పెట్టి, అంచునుండి లోపలికి వరుసవెంట వరుస కుట్టుచు పోవుట ఆమె ఎరిగిన విద్య. ఇప్పుడు చూపు తగ్గినది. ఆమె ఆ తొమ్మిదింటిని ఒడిలో వేసికొని, మొదటిదానిని వ్రేళ్లతో తడిమి, మనుమరాలిని ఇట్లడిగెను:

“ఇదెందుకు మార్చినవ్ బిడ్డా? గుడ్డ చాలక మార్చినవా, చెయ్యి నొచ్చి మార్చినవా?”

ఒక్కొక్కదానికి మనుమరాలు జవాబు చెప్పవలసివచ్చెను. నాలుగింటిలో అవ్వ చీరగుడ్డ ఉన్నది. అది కట్టి కట్టి పలుచబడినది. బియ్యపుగింజంత ముక్కలుగా కోసినయెడల పోగులు ఊడిపోవును గనుక, రెండు మూడు ముక్కల చోట ఒకే ముక్క వేసినది. అవ్వ, “మంచిగ చేసినవ్. చివికిన గుడ్డను గంత సన్నగ కోయొద్దు” అనెను. రెండింటిలో పుస్తకమందలి తీరును విడిచి ద్రాక్షగుత్తిని కుట్టినది. ఆమె తాతగారు కాపుకాచిన తోట ఇప్పుడు విమానాశ్రయపు గోడ లోపలికి పోయినది. ఆ గుత్తిలో మాదిరికంటె ఎక్కువ ముక్కలు పట్టినవనియు, ఒక్కొక్కదానికి మూడు వారములు పట్టినదనియు ఆమె చెప్పెను. అవ్వ ఏమియు అనలేదు. ఆ రెండింటిని చాలసేపు చేతిలోనే పట్టుకొనెను.

ఇక మూడు మిగిలెను. వాటిని గూర్చి అడిగినప్పుడు మనుమరాలు తల వంచుకొని, “గుడ్డ ఉన్నదవ్వా. రాత్రి డ్యూటీలు చేసి అలసిపోయినాను. ముక్కలు మరీ చిన్నవి, విసుగు వచ్చినది. అక్కడ ఎవరైనా అడిగితే గుడ్డ చాలలేదని చెప్పినాను” అనెను.

అవ్వ కోపించలేదు. “అలసితే పండు బిడ్డా. పొద్దుగాల లేచి కుట్టు. కుట్టకుంటే కుట్టలేదను. గుడ్డ తక్కువైందని మాత్రం చెప్పకు” అనెను.

ప్రియులారా, మేము ఇంటికి వచ్చిన తరువాత ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మేము హృదయమును గూర్చి మాటలాడితిమి. అవ్వ హృదయమును పరీక్షించెను. మేము తొమ్మిదింటిని ఒకే మాటతో విడిచిపెట్టితిమి. ఆమె తొమ్మిది ప్రశ్నలు వేసెను. అప్పుడు మేము బైబిలును తెరచి, పైన వ్రాసిన రెండు భాగములను ప్రక్కప్రక్కన పెట్టి చదివితిమి.

మొదటిది సంఖ్యాకాండములోనిది. పస్కాపండుగకు మొదటి నెల పదునాలుగవ దినము నియమింపబడియుండెను. శవమును ముట్టినందున కొందరు ఆ దినమున పండుగ ఆచరింపలేకపోయిరి. వారు మోషేయొద్దకు వచ్చి, మేమెందుకు అడ్డగింపబడవలెనని అడిగిరి. మోషే మావలె వెంటనే జవాబు చెప్పలేదు. ప్రభువు ఏమి సెలవిచ్చునో విందును, నిలువుడనెను. ప్రభువు ఏమి సెలవిచ్చెను? అట్టివారును, దూరప్రయాణములో ఉన్నవారును రెండవ నెలలో ఆచరింపవచ్చుననెను. నెల మారెను గాని పొంగని రొట్టె మారలేదు, చేదుకూర మారలేదు, పశువుయొక్క ఎముక విరువకూడదన్న విధి మారలేదు. మరియు అక్కడనే ఒక హెచ్చరిక కలదు: పవిత్రుడై, ప్రయాణములో లేక, ఊరకనే పండుగను మానినవాడు తన దోషమును తానే భరించును.

రెండవది రాజుల గ్రంథములోనిది. యరొబాము ఉత్తర రాజ్యమునకు రాజైన తరువాత, యెరూషలేమువరకు వెళ్లుట మీకు మిక్కిలి ప్రయాస అని జనులతో చెప్పి, బేతేలునందును దానునందును దూడలను నిలువబెట్టెను. యూదాలో జరుగు పండుగవంటి పండుగనే ఎనిమిదవ నెలలో నియమించెను. పర్ణశాలల పండుగకు ధర్మశాస్త్రము ఏడవ నెలను నియమించియుండెను.

చూచితిరా? రెండు చోట్లను పండుగ ఒక్క నెలయే జరిగెను. పైనుండి చూచువానికి రెండును ఒకే మార్పు. అయినను మొదటిదానికి దేవుడే సెలవిచ్చెను. రెండవది ఇశ్రాయేలునకు పాపమాయెను. భేదము నెలలో లేదు. మొదటివారికి నిజమైన అడ్డంకి యుండెను. వారు దానిని దాచక చెప్పి, మార్గము చూపుమని అడిగిరి. యరొబామునకు అట్టి అడ్డంకి లేదు. జనులు యెరూషలేమునకు పోయినయెడల తన రాజ్యము పోవునన్న భయము లోపల ఉండెను. పైకి మాత్రము జనుల ప్రయాసను గూర్చి జాలి మాటలు చెప్పెను. అవ్వ మాటలో చెప్పవలెనంటే, గుడ్డ ఉండగనే గుడ్డ చాలలేదనెను.

ఇది కుట్టుపనికి మాత్రమే చెందినది కాదు. మా సంఘములో అనేకమంది యువకులును స్త్రీలును విమానాశ్రయములో పనిచేయుచున్నారు. సామానులు ఎక్కించువారు, ఊడ్చువారు, కావలి కాయువారు. వారి పని వంతులవారీగా మారుచుండును గనుక ఆదివారము ఉదయము అందరును రాలేరు. వారికొరకు సాయంకాలము మరియొక ఆరాధన పెట్టవలెనన్నప్పుడు, పెద్దల కాలమునుండి ఉన్న వేళను మార్చకూడదని కొందరు గట్టిగా వాదించిరి. రెండవ నెల పస్కాను గూర్చి చదివినవారు ఆ వాదమును నిలుపుకొనలేరు. సాయంకాలపు ఆరాధన నిలిచినది. అందులో వాక్యము తగ్గలేదు, ప్రార్థన తగ్గలేదు. అయితే ఆ ఆరాధన పెట్టిన తరువాత, ఏ డ్యూటీయు లేనివారు కొందరు ఉదయము వచ్చినవారు సాయంకాలము పోయిరనుకొందురనియు, సాయంకాలము వచ్చినవారు ఉదయము పోయిరనుకొందురనియు తలంచి, రెండింటికిని రాకున్నారు. మార్పు ఒక్కటే, దానిని వాడుకొన్న మనస్సులు రెండు.

ఇతరులను గూర్చి వ్రాసి మమ్మును విడిచిపెట్టుకొనుట న్యాయము కాదు. సెమినరీనుండి వచ్చిన క్రొత్తలో, గురువులు చెప్పగా వ్రాసికొన్న ప్రసంగములనే మేము మూడేండ్లు చదివితిమి. వాటిలో మంచు కురియు దేశపు ఉపమానములుండెను. జొన్నచేను తప్ప మరియొకటి ఎరుగని జనులకు మేము మంచును గూర్చి చెప్పితిమి. దావీదు సౌలుయొక్క కవచమును తొడిగి చూచి, ఇది నాకు అలవాటు లేదని విప్పిపెట్టెను. మాకు ఆ పాటి బుద్ధి కలుగుటకు మూడేండ్లు పట్టెను. మాదిరి గురువులదైనను గుడ్డ మనదై యుండవలెను. తరువాత మేము ఉపమానములను మార్చితిమి. అది మంచిదే. అయితే వాటితోకూడ మరికొన్ని మార్చితిమి. పొలపు గట్టును గూర్చి పగపట్టిన అన్నదమ్ములు ఎదుట కూర్చున్నప్పుడు, క్షమింపని దాసుని ఉపమానమును దాటిపోతిమి. జనులు ఇంకను సిద్ధముగా లేరని మాకు మేము చెప్పుకొంటిమి. జనులు సిద్ధముగానే ఉండిరి. నొచ్చినది మా చేయి.

అలసట పాపమా? కాదు. ఏలీయా బదరీచెట్టు క్రింద పడుకొని ఇక చాలునన్నప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. రొట్టెను నీళ్లను ఇచ్చి, నిద్రపోనిచ్చి, మరల రొట్టె ఇచ్చెను. రాత్రంతయు రోగులను మోసి వచ్చిన నర్సు మూడు చదరములు సులభముగా కుట్టుకొన్నందుకు దేవుడు లెక్క అడుగునని మేము అనుకొనము. అలసితినని చెప్పువానికి విశ్రాంతి దొరకును. గుడ్డ చాలలేదని చెప్పువానికి విశ్రాంతియు దొరకదు, ఆ పనియు పూర్తికాదు. ఏలయనగా తనకు లేని కొరతను తానే నమ్ముట మొదలుపెట్టును.

మన కారణములు మనకే సరిగా తెలియునా అని మీరడుగవచ్చును. తెలియవు. హృదయము మోసకరమైనదని యిర్మీయా చెప్పెను గదా! అందుచేతనే ఒడిలో వేసికొని అడుగు ఒక అవ్వ ప్రతివానికి కావలెను. సంఘము అందుకొరకే ఉన్నది. ఎవరు లెక్కపెట్టి చూతురన్న యువకుని మాటయు, పొల్లుపోకూడదన్న పెద్దమనిషి మాటయు, నీకు తోచినట్లు చేయుమన్న మా మాటయు, ఈ మూడును ఒక్క విషయములో ఏకమైనవి: మూడును ఆమెను ఏమియు అడుగలేదు. అవ్వ ఒక్కతెయే ఆమెను ప్రేమించి అడిగెను.

మన ఊళ్లలో మరియొక వాడుక కలదు. బొంత చినిగినప్పుడు దానిని పారవేయరు. దానిమీద వేరొక చీరను పరచి మరల కుట్టుదురు. పాతబొంత లోపల ఉండిపోవును. పైకి కనబడదు గాని వెచ్చదనము దానిదే. మన తాతముత్తాతల విశ్వాసమును అట్లే మనలోపల ఉన్నది. పైచీర మన కాలపుది. అది మారును, మారవలెను. లోపలిదానిని పైదానితో పట్టియుంచు కుట్టును మాత్రము సన్నగిల్లనియ్యకూడదు. ఆ కుట్టు నిజాయితీయే.

ఆ ఆడబిడ్డ సెలవు ముగియకముందే ఆ మూడింటిని విప్పెను. రెండింటిని పుస్తకములో ఉన్నట్లే అవ్వ ప్రక్కన కూర్చుండి మరల కుట్టెను. మూడవది కుట్టుటకు దినములు చాలలేదు. దానిని సులభమైన తీరునే ఉంచి, వెనుకవైపు దారముతో, చేయి అలసి మార్చినదని తెలుగున కుట్టిపెట్టెను. బొంత ముగిసిన దినమున ఒక మూల తన పేరును, సంవత్సరమును, తాను వేసిన ముక్కల లెక్కను కుట్టుదునని చెప్పెను. స్టికిల్ అమ్మగారి లెక్క 5,602. తన లెక్క వేరుగా ఉండును. ఉన్నదున్నట్లు కుట్టుటలో ఆమె మాదిరిని తప్పలేదు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె కుట్టిన అంగీలను చూపి ఏడ్చిరి. మనము పోయిన తరువాత మన పిల్లలును మన బ్రదుకును అట్లే చేతిలో పట్టుకొని తడిమి చూతురు. మార్చిన చోటులు వారికి తగులును. కుటుంబప్రార్థన ఎందుకు మానితిరి, అన్నతో మాటలెందుకు మానితిరి, కానుక ఎందుకు తగ్గించితిరి అని వారడుగుదురు. ఈ రాత్రి దీపము ఆర్పకముందు మనమే ఒక్కొక్కదానిని ఒడిలో వేసికొని అడుగుదము: గుడ్డ చాలకనా, చేయి నొచ్చియా?

అలసినవారిని తన యొద్దకు పిలుచు ప్రభువు, సత్యము చెప్పు ధైర్యమును, మరల సూది పట్టు బలమును మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.